ఐదో రౌండు

రెడింగ్ లైబ్రరీలో రేడియేటర్ పక్క కుర్చీ నాది.
తొమ్మిదికల్లా వస్తాను, మెడలో పాత ఆఫీసు తాడుతో.
కార్డు లాక్కున్నారు, తాడు అడగలేదు.

ఇవాళ ఐదో రౌండు.
తెర మీద కుర్రాడు, పేరు కాలమ్,
నా జవాబు విని పెదవి విరిచాడు.
"ఇలా కాదు, చూడండి" అని
ఎవరిదో కోడు తెరిచి చూపించాడు.

గుర్తుపట్టాను.
పద్నాలుగేళ్ల కిందట, జ్వరంలో,
రాత్రి రెండింటికి నేను రాసిందే అది.
కామెంట్లో నేను చేసిన అక్షరదోషం కూడా
అలాగే ఉంది, పుట్టుమచ్చలా.

చెబుదామని నోరు తెరిచేలోపు
"టైమైపోయింది, ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాడు.

ఒకటుంది బాబూ.
ఆ తప్పక్షరాన్ని ఇన్నేళ్లూ
ఎవరూ ఎందుకు దిద్దలేదు?

బస్సులో ఉండగా మెయిలొచ్చింది. తెరవలేదు.
సోమవారం బ్యాంకు హాలిడే, లైబ్రరీ మూత.
ఈ తాడేసుకుని ఎక్కడికెళ్లను?