రికార్డు బుక్కులో ఒక అంకె

హోంసైన్స్ ల్యాబులో ఇవాళ ప్రాక్టికల్:
కిలో బియ్యం కడగడానికి నీళ్లెన్ని?
పుస్తకం ఆరు లీటర్లంటుంది.
పదహారేళ్లుగా నేనూ అదే రాయిస్తున్నా.

తలాబ్‌కట్ట నుంచొచ్చే రిజ్వానా
రెండు లీటర్లకే గిన్నె దించింది.
బియ్యం కడుగు పారబోయలేదు,
అందులోనే పాలకూర మట్టి వదిలించి
ఆ బురదనీళ్లు కిటికీలోని పుదీనా డబ్బాకు పోసి
చేతులు చున్నీకి తుడుచుకుంది.

"ఎక్కడ నేర్చావే?"
"నల్లా దినమిడ్చి దినమొస్తది మేడం.
ట్యాంకర్ కాడ మా అమ్మీ కొట్లాడి తెచ్చిన బిందె,
నేను కింద పోస్తే ఊకుంటదా?"

మార్కులేయబోయిన ఎర్రపెన్ను
పుస్తకం మీదికి పోయింది.
ఆరు కొట్టేశాను.

ఆ రాత్రి షవర్ కింద
మూడో బిందె లెక్కకొచ్చేసరికి
నల్లా కట్టేశాను,
ఒంటిమీద సబ్బు అలాగే.