బొటనవేలు

జీడిరసం తిన్న బొటనవేలిని
ఫోను గుర్తుపట్టదు.
నాలుగుసార్లు ఒత్తుతాను,
నువ్వెవరో నాకు తెలీదంటుంది.
రేషన్ కొట్టు మిషనూ ఇదే మాటంటుంది.
అందుకని నాలుగంకెలు కొట్టాలి.
ఆ నాలుగూ ఎవరికీ చెప్పను.

పర్లాకిమిడిలో రైలుగేటు అవతల రేకుల షెడ్డు మాది.
ఏడింటికి చేతులకి బూడిద రాసుకుని కూచుంటే
కాయకొక దెబ్బ,
పప్పు ఇటు, తొక్క అటు.
కిలోకి ఇంత. విరిగిన పప్పుకి సగం.
మధ్యాన్నం మేస్త్రీ బీడీకని బయటికెళ్ళే
ఆ పావుగంట మాత్రం మాకు మిగులుతుంది.

అప్పుడే అంది గున్నమ్మ, ఓ రోజు,
"ఓలమ్మ, మా ఆయన ఫోన్లో ఏటున్నాదో సూసినాను."
ఏమున్నదని ఎవరూ అడగలేదు.
తెలుసు కాబట్టి అడగలేదు.
మినతి ముందు ఒడియాలో ఏదో గొణిగి
తర్వాత తెలుగులోకి వచ్చింది.
సిగ్గుపడ్డానికి ఒక భాష, చెప్పడానికి ఇంకోటి.
"నేను సౌండు పెట్టను అపా. ఆ అరుపులు అబద్ధం.
సౌండు తీసేస్తే కొంచెం నిజంలా ఉంటుంది."

అప్పలనర్సికి మొదలే ఇష్టమట,
తలుపు గడియ, మంచం అంచు, చొక్కా గుండీలు.
"ఆడు తొందరపడనంతసేపూ సూత్తాను.
తొందర మొదలెట్టాడా, కట్టేత్తాను.
తొందర మా ఇంట్లో సానా ఉంది."
రేకులు లేచిపోయేలా నవ్వాం.
కళ్ళమ్మట నీళ్ళు.
చేతులతో తుడుచుకోకూడదు, రసం.
భుజాలతో తుడుచుకున్నాం.

దాలమ్మ మాత్రం డబ్బా పట్టుకుని లేచిపోయింది.
పాపమనీ అనలేదు, పుణ్యమనీ అనలేదు.
"ఎవురి అప్పు తీర్సడానికి ఆ మంచమెక్కిందో
ఆ మనిసి" అంది.
ఆ మాట నా వెనకాలే ఇంటిదాకా వచ్చింది.

నా సంగతీ చెప్పాలిగా.
నాకు నలభై మూడు. ఆయన సూరత్ మగ్గాల దగ్గర.
సెలవు దొరికితే వస్తాడు, వచ్చిన రాత్రి లైటు తీసేస్తాడు.
ఇరవై రెండేళ్ళ కాపురం, అంతా చీకట్లోనే.
వెలుతురులో మనిషి ఒళ్ళు ఎలా ఉంటుందో
ఫోన్లోనే మొదట చూశాను.
చూసి చెంబెడు నీళ్ళు తాగి
దేవుడి పటాన్ని గోడవైపు తిప్పాను.
మూడోసారికి పటం గుర్తు రాలేదు.

బావుంది.
ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నా,
బావుంది.
అన్నం కుండ మూత తీసినట్టు
ఒంట్లోంచి ఆవిరి లేచింది.
ఈ ఒళ్ళు నాదేనని తోచింది,
ఏ కాటాలోనూ తూగని ఒళ్ళు.

అయినా నా కళ్ళు ఊరుకోవు.
ఆ గది గోడకి ఓ కేలండరు,
నెల మార్చే దిక్కు లేదు.
ఆమె అరిపాదాల మురికి, మోచేతికి చిన్న కట్టు.
ఒక్కసారి ముఖం పక్కకి తిప్పి
ఎటో చూసింది,
మేస్త్రీ ఎప్పుడు విజిలేస్తాడా అని
నేను గడియారం చూసినట్టు.
ఆమెకీ కిలోకి ఇంతేనా?
విరిగితే సగమేనా?
ఆ రోజు ఆపేశాను.

ఆపేశానని చెప్పుకుంటే బావుంటుంది.
పదిరోజులకి మళ్ళీ చూశాను.
ఆమెని కాదు. ఇంకొకామెని, నవ్వుతున్నామెని.
నవ్వు నిజమో కాదో
మినతిలా సౌండు తీసేసి చూశాను.
తేలలేదు.

పోయిన నెల ఆయనొచ్చాడు.
స్విచ్చి మీద చెయ్యేస్తుంటే
"ఉండనీ" అన్నాను.
ఎక్కడ నేర్చావని అడగలేదు.
కాసేపు తల ఎత్తలేదు,
పాపం, ఆయనకీ కొత్తే.
"పురుగులొస్తాయి" అన్నాడు.
వచ్చాయి.
రానీ.

తెల్లారి నా ఫోను చేతిలో తిప్పుతూ
"దీని తాళమేంటి?" అన్నాడు.
బొటనవేలు చూపించాను.