మూడో చుక్క

విడవలూరు నుంచి సముద్రం దాకా
రోడ్డును ఒక గీత అనుకున్నాను.
సున్నా దగ్గర బస్టాండు,
ఒకటి దగ్గర అలలు.
నడుమ రొయ్యల గుంటలు మూడువందల పన్నెండు,
ఒక్కోదానికి ఒక బరువు:
ఎన్ని ఎకరాలు, ఏ కౌంటు, ఏ నెలలో పట్టుబడి.

ఇటు కొసన చెంచురామిరెడ్డి గారి ఐసు ఫ్యాక్టరీ ఒక చుక్క.
అటు కొసన ఖాజావలి గారిది ఇంకో చుక్క.
"మార్చి కడితే యాడ కట్టాలో లెక్కేసి చెప్పమ్మా"
అన్నారు రెడ్డిగారు,
అమ్మోనియా వాసనలో కుర్చీ వేయించి.

దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే తప్పొచ్చింది.
ఇక్కడ దూరమంటే
ఊక కప్పిన దిమ్మె ట్రాక్టరు మీంచి
తారు మీద వదిలిన తడి.
ఏప్రిల్లో రోడ్డు సాగుతుంది.
డిసెంబరు ముసురులో ఊళ్ళు దగ్గరకు జరిగి పడుకుంటాయి.
ఆ కరుగుడుకి ఒక అక్షరం పెట్టాను, లాంబ్డా అని.

ఆయన ఇటు జరిగితే ఈయన అటు జరగాలి.
ఈయన జరిగాడని మళ్ళీ ఆయన.
రాత్రంతా తెర మీద రెండు చుక్కలూ
ఒకదాని గిరాకీ ఒకటి కొరుక్కుంటూ వచ్చి
తెల్లారేసరికి నట్టనడుమ
వీపుకి వీపు ఆనించి నిలబడిపోయాయి.
ఇక కదిలినవాడికే నష్టం.
సమతౌల్యం అని రాసి సంతకం పెట్టాను.

రెండేళ్ళకి అచ్చం అట్టాగే కట్టారు.
నడుమ ఒకే గోడ. ఒకే ట్రాన్స్‌ఫార్మరు. ఒకే రేటు.
ఒకే టీ బంకులో ఇద్దరి డ్రైవర్లూ.
దిగి ఫోటో తీసుకున్నాను కూడా.

అయినా రెడ్డిగారి గేటుకి ఎదురుగ్గా గుంట ఉన్న వెంగయ్య
గోడ చుట్టూ తిరిగి అవతలి గేటుకే పోతాడు.
మేత బాకీ
ఖాజావలి గారి బావమరిది పద్దులో ఉంది.
అప్పుకి లాంబ్డా లేదు.
ఎంత దూరం మోసినా కరగదు.

ఇంకొకటి కూడా తప్పించుకుంది.
గీత చివర, పల్లెపాళెంలో,
చేపల గంప పోలేరమ్మ.
ఆమె కొనేది ఇరవై రూపాయల ముక్కలు.
ఆమె బరువు సున్నా పాయింటు సున్నా సున్నా మూడు.
రెండు దశాంశాలకి కుదించినప్పుడు రాలిపోయింది.
పాత ఫ్యాక్టరీ ఆమె గుడిసెకి కూతవేటు.
ఇప్పుడు ఆటోకి పోనూ రానూ నలభై,
ఇరవై రూపాయల ఐసుకి.

మొన్న వేగుచుక్క ఉండగానే వెళ్ళాను,
రాలినదాన్ని వెతుక్కుంటూ.
ఇసకలో సగం పూడ్చిన పాత ఫ్రిజ్జు,
తలుపు ఆకాశం వైపు.
లోపల ఊక. ఊకలో చెరో సగం దిమ్మె,
ఒకటి గోడకి ఇవతలిది, ఒకటి అవతలిది.
"ఇద్దరి దగ్గరా తెస్తే ఇద్దరూ దిగొస్తారు మే."
చుట్టూ పదిమంది గంపలవాళ్ళు.
ముక్కకి మూడు రూపాయలు ఎక్కువ,
ఆటో కంటే చాలా తక్కువ.
"ఈడే ఎందుకు పెట్టావు?" అన్నాను, పెన్ను తీసి.
నన్ను ఎగాదిగా చూసింది.
"పడవ ఈడే గదా ఆగేది."

రెండు కొట్టేసి మూడు వేశాను.
గీత మీద మూడు చుక్కలకి సమతౌల్యం లేదు.
చదువుకున్నదే, పరీక్షలో రాసిందే.
ఎక్కడ నిలబెట్టినా ఒకటి కదులుతుంది,
దాంతో ఇంకొకటి.
ఆమె సుత్తి ఎత్తింది.
ఎగిరిన పెంకు నా కాగితం మీద,
గీత చివర, ఒకటి దగ్గర పడి
నేను విదిలించేలోగా
అంకెను నీరు చేసింది.