అస్తరు

రాయి అన్నారు అందరూ.
పర్లాకిమిడి పాత బజారులో
నా మిషను ముందు బల్ల మీద కూర్చున్న ప్రతివాడూ వైద్యుడే.
ఒకడు ఉలవకట్టు అన్నాడు, ఇంకొకడు అరటిదవ్వ రసం.
దాలమ్మ రెండూ పట్టించింది, పైగా మొక్కుకుంది.

రాయి కాదు.

ఎడమ పక్క, నడుం వెనక,
ఎవరో కత్తెర తెరిచి అక్కడే మరిచిపోయినట్టు నొప్పి.
బీపీ రెండుసార్లు చూసి
మూడోసారి యంత్రాన్నే మార్చింది నర్సమ్మ.

బరంపురం బస్సు. నాలుగు గంటలు.
ప్రతి గతుకూ నా పేరు అడిగి మరీ తగిలింది.
డాక్టర్ సుబుద్ధి ఫిల్ముని వెలుగుకెత్తి
ఒడియాలో మొదలుపెట్టి, హిందీలోకి దిగి,
నా మొహం చూసి తెలుగు తడుముకున్నాడు:
"కిడ్నీకి పోయే నాళం... లోపలి పొర... చిరిగింది.
చాలా తక్కువ మందికి. ఇరవై ఏళ్లలో నాకు ఇది మూడు."

అస్తరా, అన్నాను.
ఆయనకి అర్థం కాలేదు. నాకు అయింది.

పైన కోటు నలగదు.
లోపల జేబుకి చిన్న కన్నం,
వేసిన చిల్లర గుడ్డకీ అస్తరుకీ నడుమ జారి
అంచు దగ్గర బరువుగా వేలాడుతుంది.
డబ్బుంది, చేతికందదు.
నా నెత్తురూ అలాగే దొంగదారిలో దూరి
అసలు దారిని నొక్కేసిందట.
ఆకలేసిన కిడ్నీ ఒళ్లంతటి మీదా కేకలేస్తోందట.

పూర్తి మత్తివ్వలేదు. గజ్జల్లో సూది, అంతే.
తీగ లోపల్లోపల పైకి పాకుతుంటే
తల తిప్పి తెర చూశాను,
పనివాణ్ణి పనివాడు చూసినట్టు.
మొదటిసారి తీగ దొంగదారిలోకే పోయింది.
వెనక్కి లాగాడు. తిట్టుకోలేదు.
నేనైతే తిట్టుకుంటాను.
రెండోసారీ అంతే.
నా కుడికాలు దానంతటది
అక్కడ లేని పెడలు తొక్కబోయింది.
"హలంతు నాహిఁ," చెవి దగ్గర ఎవరో.
కదల్లేదు.

అప్పుడు మందు ఒక్క ఉరుకున పారి
తెర మీద కిడ్నీ మొత్తం నల్లగా పూసింది.
చిన్న వలగొట్టం ఒకటి విప్పారి
చిరిగిన పొరని గోడకి అదిమిపట్టి
అక్కడే ఉండిపోయింది.
దారం లేదు. ముడి లేదు.
కొంచెం అసూయపడ్డాను.

ఆరు గంటలు కాలు మడవొద్దన్నారు.
చలికని వేసుకొచ్చిన నా పాత కోటు మడతపెడుతూ
దాలమ్మ జేబులో చెయ్యి పెట్టి, ఆగి,
అంచు దాకా తడుముకుంటూ వెళ్లి
రెండు రూపాయల బిళ్ల బయటికి నెట్టింది.
"ఊరందరివీ కుడతావు," అంది.
"నీదేటి మరి?"