ఐసు పార చప్పుడు

గ్రిమ్స్‌బీ రేవులో చేపల వేలానికి ఇంకా గంటుంది.
బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని
పాత లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను.
దానికి ఇంటర్నెట్ లేదు. వైఫై ముక్కను నేనే ఊడబీకాను,
పాముకు కోర తీసినట్టు.

నాకు కావలసింది చప్పుడు.
తర్వాత ఏమొస్తుందో ఎవరూ చెప్పలేని చప్పుడు.
అందులోంచి ఒక తాళంచెవి పుడుతుంది,
కాగితం మీద అచ్చవుతుంది.
ఆ కాగితమే పర్సు, ఆ కాగితమే బ్యాంకు,
పోతే మొరపెట్టుకోవడానికి మేనేజరు కూడా ఉండడు.

ముందు ఇంట్లోనే ప్రయత్నించాను.
గోడ గడియారం పనికిరాదు, టిక్ వెనక టిక్కే.
ఫ్రిజ్‌ది ఒకటే మూలుగు.
నా గొంతు మరీ నమ్మరానిది.
"అన్నం" అన్నానంటే "తిన్నావా" అంటానని
ఏ దొంగైనా కనిపెట్టేస్తాడు.

వినికిడి పరీక్షలు చేయడం నా ఉద్యోగం.
కొలిచిన శబ్దాలను చెవుల్లో పోసి
వినబడితే బొత్తాం నొక్కమంటాను.
విల్ఫ్ బ్లాంచర్డ్ అలాగే పరిచయం.
నలభై ఏళ్లు ఐసు మర పక్కన నిలబడి
ఇంకా పార వదలని మనిషి.
సన్నటి శబ్దాలన్నీ ఎప్పుడో కారిపోయాయి,
స, ష,
తన పేరు చివరి ఫ కూడా.
సుభాషిణి అంటే "ఊబా" అని విన్నాడు.
నేను దిద్దలేదు.
మూడేళ్లుగా ఆ రేవులో నేను ఊబానే.

"చప్పుడు కొనడానికొచ్చావా?"
"కాదు, ఏరుకోవడానికి."
ఆయన నా పెదవులు చదివి నవ్వాడు.
"నాకు వినబడనిదంతా పట్టుకుపో. ఊరికే."

మైకు తెరిచాను.
ఐసులోకి పార దిగింది.
కాడ్ చేప ఒకటి జారి సిమెంటు మీద తపుక్కుమంది.
రెండు పక్షులు ఒక పేగు కోసం తిట్టుకున్నాయి.
ఫోర్క్‌లిఫ్ట్ లెక్క తప్పకుండా కూస్తుంటే
దాని మీద విసుక్కున్నాను.
విల్ఫ్ దగ్గాడు,
మూడుసార్లు, నడిమిది సగం మింగేసి.
అర నిమిషం. చాలు.

యంత్రం అంతా కలిపి రుబ్బింది.
ఏభై రెండు అక్షరాలు, మొదటిది కె.
సున్నా ఉండదు, సున్నాలా కనిపించే ఓ ఉండదు.
కన్ను తికమకపడేవాటిని ముందే ఏరేశారు.
చెవికి ఆ మర్యాద ఎవరూ చేయలేదు.

తాళం పుట్టాక చప్పుడును చెరిపేయాలి.
మిగిలితే ఎవడో మళ్లీ రుబ్బుతాడు,
అదే తాళం తీస్తాడు.
చెరిపాను, పైన సున్నాలు పోసి, మళ్లీ పోసి.
నూట ఇరవై పౌండ్లు అందులో వేసి
కాగితాన్ని మెంతుల డబ్బా అడుగున దాచాను.

ఫిబ్రవరిలో విల్ఫ్ పోయాడు.
కూతురు మోరీన్ చెవి మిషన్లు తిరిగివ్వడానికొచ్చింది.
"ఫోనంటే నాన్నకు పడదు. గొంతు ఎక్కడా లేదు.
మీ దగ్గర ఏమైనా..."
మేం బొత్తాం నొక్కిన గుర్తులే దాస్తాం.
లేదన్నాను.

రాత్రి మెంతులు ఒంపాను.
ఏ అక్షరంలో పార? ఏ అక్షరంలో దగ్గు?
పెరుగును ఎంత చిలికినా పాలు కాదు.
కానీ ఆ దగ్గు లేకుంటే
ఈ వరుస ఈ వరుస కాదు.
ఇది మోరీన్‌కు ఎలా చెప్పను?
మీ నాన్న నా డబ్బుకు కాపలా ఉన్నాడనా?

ధర పెరిగిందట, అమ్మెయ్యమన్నాడు క్లినిక్‌లో తారిఖ్.
చూద్దాం అన్నాను.

అందరూ వెళ్లాక పరీక్ష గది తలుపు వేసుకున్నాను.
తాళాన్ని పైకి చదవకూడదు.
అందుకని పెదవులతో మాత్రమే చదివాను,
ఎదురుగా ఖాళీ కుర్చీ,
దాని చేతి మీద బొత్తాం.
పంతొమ్మిదో అక్షరం ఎస్.
అక్కడ కాస్త నెమ్మదించాను.