పదకొండున్నర అంగుళాలు

ఇంట్ల చెప్పింది, పాత నాణేల ప్రదర్శన అని.
ఆఫీసుల చెప్పింది, పండ్ల డాక్టరు కాడికని.
రెండు అబద్ధాల నడుమ
ఒక శనివారం దొరికింది.

నారాయణగూడల ఫ్లైఓవర్ దిగంగనే ఫంక్షన్ హాలు.
రాత్రి ఎవరిదో పెండ్లి అయినట్టుంది,
థర్మోకోల్ అక్షరాలు సగమే పీకిన్రు.
'వెడ్స్' అన్న మాట ఒక్కటే గోడకు మిగిలింది,
ఎవరు ఎవరిని అన్నది లేదు.
దాని కింద బల్లలు, బల్లల మీద
నాలుగువందల మంది ఆడోళ్లు.
ఒక్కరూ కన్నార్పరు.

పేర్లు రాసుకునే కాడ పిల్ల
"బిడ్డ కోసమా అంకుల్?" అన్నది.
ముప్పై ఏండ్లు బీమా క్లెయిములు చూసినోణ్ని,
చావు సర్టిఫికెట్ల తేదీ తప్పితే పట్టుకునేటోణ్ని,
ఒక్క మాటకు తడుముకున్న.
"నాకే" అన్న.
ఆమె తల ఎత్తలేదు. మార్కర్ మూత తీసి
"పేరు చెప్పండి" అన్నది.
గంతే.
ఇన్నేండ్లు నేను భయపడ్డది
గా మూత చప్పుడుకేనా?

లోపల రెండు కులాలు:
డబ్బా తెరిచినోళ్లు, తెరవనోళ్లు.
తెరవని కులానికి పెద్ద, సైనిక్‌పురి ఫల్గుణి మేడం.
వృత్తికి మత్తు డాక్టరు.
ఆమె బొమ్మలు పాతికేండ్లుగా
ప్లాస్టిక్ కిటికీ ఎనుక, మణికట్లకు తీగ చుట్టుకొని
మేల్కొనే ఉన్నయి.
"తీస్తే సగం ధర పోతుందండీ."

యాకుత్‌పురా జరీనా బేగం
ఇనుప ట్రంకు మూత దబ్బున ఎత్తింది.
"దుల్హన్‌ను డబ్బాల పెట్టి మొక్కుతరా డాక్టర్‌సాబ్?"
ఆమె బొమ్మలన్నిటికీ ఖడా దుపట్టా,
ఆవగింజల ముత్యాలతోని సత్లడా.
ఒకదానికి మాత్రం చెవి పచ్చబడ్డది.
ఎన్నడూ తీయని ఇత్తడి కమ్మ
లోపలికి ఇంకి చెంప దాకా పాకింది.
"మొటిమల మందు పూసి ఎండల పెట్టు" అన్నరెవరో.
"పెట్టిన. పోయింది.
మళ్లొచ్చింది" అన్నది జరీనా, బొటనవేలితోని తుడుస్తూనే.

నా సంచిల ఒక్కతే.
ఎనభైతొమ్మిదిల జుమ్మేరాత్ బజార్ల దొరికిన ఒళ్లు,
నాలుగు రూపాయలు, తల లేదు.
మూడేండ్లకు ఇంకో గురువారం
తుప్పు తాళాల కుప్పల నుంచి తల నన్ను చూసింది.
మెడకాడ రంగులు కలవవు,
ఒళ్లు గోధుమ, మొకం పాలపొడి.
బీరువాల, చొక్కాల ఎనుక, రుమాల్ల దాచిన.
ఆమె కోసం కుట్టు నేర్చుకున్న.
కాదు, అదీ అబద్ధమే.
రెండంగుళాల కుచ్చిళ్లు పెడుతున్నంత సేపు
చేతులు నావి అనిపించేది, అందుకు.

బల్ల మీద నిలబెడితే పడ్డది.
మళ్లీ పెడితే మళ్లీ.
మడమలు పైకి లేపి పోసిన పాదాలు,
ఎత్తు చెప్పుల కోసమే పుట్టినయి.
ఆ చెప్పులు ఎవరింట్ల, ఏ ఊడ్పుల పోయినయో.
ఇన్నేండ్లూ ఆమె పడుకునే ఉన్నది,
నాకు తెలవనే లేదు.

జరీనా వక్కల డబ్బా బోర్లించింది.
గోరంత చెప్పులు, గుప్పెడు.
"జోడు మాత్రం అడగకు భాయ్."
ఎడమకు ఎరుపు, కుడికి నీలం.
నిలబడ్డది. మూడు క్షణాలు.
తర్వాత మెల్లగ ఒరిగి
ఫల్గుణి మేడం తెరవని డబ్బాకు
భుజం ఆనించింది.
మేడం చూసింది.
డబ్బా జరపలేదు.

సాయంత్రం మెట్రోల
ఎదురు సీటు పిలగాడు నా ఛాతీ దిక్కే చూస్తుండు.
అప్పుడు గుర్తొచ్చింది, జేబు మీద స్టిక్కర్:
విఠల్ రావు, బొమ్మల సేకరణ, ముషీరాబాద్.
గోరు పెట్టిన. ఒక మూల లేచింది.
స్టేషన్ వచ్చింది.

తలుపు తీసిన ఆమెకు కండ్లద్దాలు లేవు.
"నాణేలు ఏమన్న దొరికినయా?
చొక్కా మీద ఏందది, ఏం రాసున్నది?"

అద్దాలు తెచ్చుకో, అన్న.
గడప మీదనే నిలబడ్డ,
మడమలు ఆననట్టు.