ఒక మెట్టు కిందికి

సోమవారం సాయంత్రం
మిందెలో రేవు మీదికి ఎడారి దుమ్ము దిగేవేళ
నా రేడియో రిపేరు కొట్టు షట్టరు సగానికి లాగుతాను.
పూర్తిగా వేస్తే ఉక్క,
పూర్తిగా తెరిస్తే వీధివీధంతా వంతపాట.
ఆ సగం సందులోంచి వంగి వస్తారు నలుగురూ
నడుములు పట్టుకుని, ఒకర్నొకరు తిట్టుకుంటూ.

గిటారు నిజానికి నాది కాదు.
ముప్పయ్యేళ్ళ కిందట ఓడలో వంటవాడొకడు
ట్రాన్సిస్టరు బాగుచేయించుకుని, డబ్బుల్లేక
కుదువ పెట్టి పోయాడు.
వస్తాడనే ఇప్పటికీ తీగలు మారుస్తున్నాను.

ఎవరి పాట వాళ్ళకుంది.
జుల్మీరాకి, ఉప్పు కోసం పోయిన పడవ పాట.
మూడే పట్లు, నా వేళ్ళు నిద్రలో కూడా పట్టేస్తాయి.
ఎవరిస్తుకి, మేకను సంతకు తోలుకెళ్ళి
బేరం కుదిరాక ఏడ్చి
వెనక్కి తోలుకొచ్చినవాడి పాట.
నవ్వుతూ మొదలుపెడతాం,
మూడో చరణానికి ఎవరూ నవ్వరు.
టీచరమ్మ బెన్వీందాకి ఏ పాటా నచ్చదు,
కానీ ప్రతి పాటలో తప్పిన మాట పట్టుకుంటుంది.
ఆవిడ రాని వారం
నేను సగం పాటలు లల్లలా అంటూ దాటేస్తాను.

ఇక దియోలిందు.
పెళ్ళి వాయిదా పడ్డ పిల్ల పాట, ప్రతి వారమూ అదే.
ఆ పాటంటే నాకు ఒళ్ళు మంట.
పల్లవి ముదురు పాకం, పళ్ళకంటుకుంటుంది.
మధ్యలో చూపుడువేలు ఆరు తీగల మీదా
అడ్డంగా పడుకోవాలి, చలికాలం కీళ్ళు ఒప్పుకోవు.
పైగా అతను శ్రుతికి కింద, తాళానికి పక్కన
ఎవరూ నడవని దారిలో పాడతాడు, కళ్ళు మూసుకుని.
"మళ్ళీనా?" అంటాను.
"మళ్ళీ" అంటాడు.

మొదట్లో కేపో అయిదో మెట్టు మీదుండేది.
అప్పుడు జుల్మీరా గొంతు
తెరచాప కొయ్య కొసకి ఎగబాకే కుర్రాడు.
నలభై దాటాక నాలుగుకి దించాను, చెప్పకుండా.
ఎవరిస్తు సిగరెట్లు మానేసిన ఏడు, మూడుకి.
బెన్వీందా బడి నుంచి రిటైరయ్యాక, రెండుకి.
"మన గొంతులు చూడు, ఏమీ మారలేదు!" అని
చెరకు సారా గ్లాసులు తాకిస్తుంటే
తలొంచుకుని
తీగ బిగిస్తున్నట్టు నటించేదాన్ని.

ఈ ఏడు కేపో సొరుగులో పడుంది
కాలిన ఫ్యూజులు, పనికిరాని మరల మధ్య.
దిగడానికిక మెట్లు లేవు.

దియోలిందు గొంతులో గడ్డ తీశారు, లిస్బన్లో.
మెడకి గళ్ళ రుమాలుతో తిరిగొచ్చాడు.
నోరు తెరిస్తే
రెండు స్టేషన్ల మధ్య ముల్లు ఆగినచోట వినిపించే
ఆ గాలి, అంతే.

ఆ సోమవారం ఎవరం అతని పాట ఊసెత్తలేదు.
పడవ పాటయింది. మేక పాటయింది.
బెన్వీందా ఒక్క తప్పూ పట్టలేదు,
దాంతో నాకు చెమటలు పట్టాయి.
అతను లేచాడు.
నా పనిబల్ల సొరుగు లాగి, గలగలా కెలికి,
కేపో తీసి, చొక్కా అంచుతో తుడిచి,
నా ఒళ్ళో ఉన్న గిటారు మెడ పట్టుకుని
ఒక్కో మెట్టూ వేలితో లెక్కపెట్టాడు.
అయిదో మెట్టు మీద బిగించాడు.

తెలుసన్నమాట.
ఇన్నేళ్ళూ, ప్రతి మెట్టూ.

ఏం చేస్తాం, పాడాం.
జుల్మీరా సగం దూరం ఎక్కి జారింది,
ఎవరిస్తు గొంతు కీచుమని రెండుగా చీలింది,
నేను పల్లవి అందుకోబోయి దగ్గుకున్నాను.
అతను పాత రేడియో చెక్కపెట్టె మీద
అరచేత్తో దరువేస్తూ
ఎప్పటిలాగే తాళానికి పక్కన,
భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"పెళ్ళి ఆదివారం కాదు, శనివారం"
అంది బెన్వీందా, ముక్కు చీదుతూ.
"రెండో చరణం తప్పు."

"మళ్ళీనా?" అన్నాను అతని వంక చూసి.
పెట్టె మీద ఒకే ఒక్క దెబ్బ.